పోలీసు, ఫైర్ పెన్షన్ వల్ల ఆగిన సోషల్ సెక్యూరిటీని రాబట్టుకోవడం ఎలా?

అమెరికాలో చాలా పోలీసు, ఫైర్ శాఖల్లో జీతం నుంచి సోషల్ సెక్యూరిటీ (కేంద్ర ప్రభుత్వ రిటైర్మెంట్, కుటుంబ భృతి పథకం) పన్ను పట్టుకోరు. దానికి బదులు రాష్ట్రమో నగరమో విడిగా పెన్షన్ ఇస్తుంది. ఆ పెన్షన్ ఉందన్న కారణంతోనే ఏళ్ల తరబడి రెండు కోతలు నడిచాయి. డబ్ల్యూఈపీ (విండ్‌ఫాల్ ఎలిమినేషన్ ప్రొవిజన్) అనేది వేరే ఉద్యోగాల్లో పన్ను కట్టి సొంతంగా సంపాదించుకున్న సోషల్ సెక్యూరిటీని తగ్గించేది. జీపీఓ (గవర్నమెంట్ పెన్షన్ ఆఫ్‌సెట్) ఇంకా కఠినం. జీవిత భాగస్వామి పన్ను కట్టిన రికార్డు మీద వచ్చే సొమ్ములోంచి, పెన్షన్‌లో మూడింట రెండు వంతులకు సమానమైన మొత్తాన్ని తీసేసేది. 3,000 డాలర్ల పెన్షన్ ఉన్న ఫైర్‌ఫైటర్‌కు భర్త పోయాక నెలకు 1,900 డాలర్లు రావాల్సి ఉన్నా, కోత 2,000 కాబట్టి చేతికి ఏమీ వచ్చేది కాదు. 2025 జనవరి 5న సంతకమైన సోషల్ సెక్యూరిటీ ఫెయిర్‌నెస్ చట్టం ఈ రెండు కోతలనూ 2024 జనవరి నెల నుంచి వర్తించేలా ఎత్తేసింది.

కోతతో అప్పటికే సొమ్ము అందుకుంటూ వచ్చినవాళ్లు మళ్లీ దరఖాస్తు పెట్టనక్కర్లేదు. చిరునామా, బ్యాంకు ఖాతా సరిగా నమోదై ఉన్నాయో చూసుకుంటే చాలు.

నష్టపోయేది ఎక్కువగా "ఎలాగూ సున్నాయే కదా" అని అసలు దరఖాస్తే పెట్టనివాళ్లు. మీరు అడగనిదే ఆ డబ్బు రాదు. పూర్తి రిటైర్మెంట్ వయసు (1960లో గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి 67 ఏళ్లు) దాటినవాళ్లకు దరఖాస్తు నెల నుంచి వెనక్కి గరిష్ఠంగా 6 నెలల బకాయి వస్తుంది. అంతకుముందు నెలలవి పోయినట్టే. అందుకే అన్ని కాగితాలూ చేతికి వచ్చేదాకా ఆగకండి. ముందు దరఖాస్తు పెట్టి, తక్కువైనవి తర్వాత పంపండి.

సొంత రిటైర్మెంట్‌కు, భాగస్వామి వాటాకు ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు. సొంతానికైతే 40 క్రెడిట్లు (పన్ను కట్టిన ఉద్యోగాల్లో సుమారు పదేళ్ల పని) ఉండాలి. భర్త లేదా భార్య చనిపోయాక వచ్చే సర్వైవర్ సొమ్ముకు ఆన్‌లైన్ దారి లేదు, సోషల్ సెక్యూరిటీ కార్యాలయానికి 1-800-772-1213 నంబరులో ఫోన్ చేయాలి. జనన, వివాహ, మరణ ధ్రువపత్రాలు దగ్గర పెట్టుకోండి. విడాకులైనవారికీ హక్కు ఉంది, అయితే ఆ పెళ్లి కనీసం 10 ఏళ్లు నిలిచి ఉండాలి. విడాకుల డిక్రీ కూడా వెతికి ఉంచండి.

లెక్క దగ్గర చాలామంది పొరబడతారు. సొంత సోషల్ సెక్యూరిటీ, భాగస్వామి వాటా రెండూ కలిసి రావు. సొంతది 700, భాగస్వామి వాటా 1,200 అయితే మొత్తం వచ్చేది 1,200 డాలర్లే. ఈ నిబంధన ఈ చట్టంతో మారలేదు. పోలీసు పెన్షన్ మాత్రం ఇక ఈ లెక్కలోకి రాదు.

బకాయి ఒక్కసారిగా పడితే ఆ ఏడాది పన్ను పెరగవచ్చు. సోషల్ సెక్యూరిటీలో 85 శాతం దాకా పన్నుకు లోబడుతుంది. పాత ఏడాదికి చెందిన భాగాన్ని ఆ ఏడాది ఆదాయంతో కలిపి లెక్కించే వెసులుబాటు ఉంది, రిటర్ను వేసేవారితో రెండు రకాలుగానూ లెక్క కట్టించి తక్కువ వచ్చేది ఎంచుకోండి.

తిరస్కరణ ఉత్తరం వస్తే అందిన 60 రోజుల్లోగా అప్పీలు చేయాలి. ఉత్తరం మీది తేదీ తర్వాత 5 రోజులకు అది మీకు అందినట్టు లెక్క వేస్తారు, కాబట్టి కవరు తెరిచిన రోజునుంచి లెక్కపెట్టుకోవద్దు.