ఫర్మ్‌వేర్ రాత్రికి ముందు: బ్లేడ్ ఎన్‌క్లోజర్‌లో పచ్చలైటును నమ్మకండి

పండగ సెలవులు, చేంజ్ ఫ్రీజ్ (మార్పులు చేయకూడని రోజులు) వచ్చేలోపు ఇంటర్‌కనెక్ట్ మాడ్యూళ్ల (బ్లేడ్ సర్వర్లున్న పెట్టెకి వెనక బిగించే స్విచ్‌ల) ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ముగించేయాలని అందరికీ తొందరే. మొన్న ఒకచోట ఇలాంటి రాత్రే ఒక మాడ్యూల్‌కున్న ఒకే ఒక్క అప్‌లింక్ (బయటి నెట్‌వర్క్‌కి వెళ్లే) కేబుల్ ఊడి, ఆ దారిలో ఉన్న బ్లేడ్లన్నీ పింగ్‌కి పలకడం మానేశాయి. టీమింగ్ (ఒక నెట్‌వర్క్ పోర్టు పడితే ఇంకోదానికి మారే ఏర్పాటు) ఉంది, స్విచ్‌లు రెండున్నాయి, సర్వర్ వైపు లైట్లన్నీ పచ్చగానే ఉన్నాయి.

బ్లేడ్‌లోని నిక్‌కి (నెట్‌వర్క్ కార్డుకి) కనిపించేది మిడ్‌ప్లేన్ (పెట్టె మధ్యలోని బోర్డు) అవతల ఉన్న మాడ్యూల్ వరకే. ఆ పైన అప్‌లింక్ తెగినా లోపలి లింక్ అప్‌లోనే ఉంటుంది. టీమింగ్ లింక్‌నే చూస్తుంది కాబట్టి ట్రాఫిక్‌ని అటే తోస్తూ ఉంటుంది. అది మాడ్యూల్ దాకా వెళ్లి గల్లంతు.

అందుకే అప్‌లింక్ పడితే లోపలి పోర్టుల్నీ పడేయమని మాడ్యూల్‌కి చెప్పాలి. సిస్కో బ్లేడ్ స్విచ్‌లలో దీన్ని లింక్ స్టేట్ ట్రాకింగ్ అంటారు, హెచ్‌పీ వర్చువల్ కనెక్ట్‌లో స్మార్ట్‌లింక్. సిస్కోలో పోర్టుల్ని గ్రూపులో వేసి, గ్లోబల్‌గా ‘లింక్ స్టేట్ ట్రాక్ 1’ కొట్టడం మరిచిపోతారు. గ్రూపు కనిపిస్తుంది, పని మాత్రం చేయదు. వర్చువల్ కనెక్ట్‌లో ఒకే సర్వర్ పోర్టు మీద నాలుగు నెట్‌వర్క్‌లుంటే, నాలుగింటి అప్‌లింక్‌లూ పోతేనే స్మార్ట్‌లింక్ ఆ పోర్టుని దించుతుంది. ఒకటి పోతే కదలదు.

టెస్ట్ చేసే పద్ధతిలోనూ ఇదే పొరపాటు. మాడ్యూల్ బయటికి లాగితే లోపలి లింక్ ఎలాగూ పడుతుంది, టీమింగ్ చక్కగా మారుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. ఆ టెస్ట్ దేన్నీ రుజువు చేయదు. మాడ్యూల్‌కి పవర్ ఉండగా, దాని అప్‌లింక్‌లు మాత్రమే పీకి, బయటి నుంచి బ్లేడ్‌ని పింగ్ చేయండి.

ఇక జత కట్టడం. హెచ్‌పీ సి7000 ఎన్‌క్లోజర్‌లో హాఫ్‌హైట్ బ్లేడ్ ఆన్‌బోర్డ్ పోర్టులు 1, 2 బేలకూ (మాడ్యూళ్లు కూర్చునే గళ్లకూ), మొదటి మెజనైన్ (అదనపు) కార్డు 3, 4 బేలకూ వెళ్తాయి. టీమ్‌లో రెండు వేర్వేరు బేలు ఉండాలి. ఫ్లెక్స్‌నిక్‌లు (ఒక పోర్టుని ముక్కలుగా చూపే నిక్‌లు) ఓఎస్‌లో ఎనిమిది కనిపించినా వెనక ఉన్నవి రెండు పోర్టులే. ఒకే పోర్టు ముక్కలైన 1-ఏని 1-బితో కలిపితే అది రిడండెన్సీ కాదు, ముస్తాబు.

- స్టాక్ కాని రెండు మాడ్యూళ్ల మీద ఎల్ఏసీపీ (రెండు లింక్‌ల్ని ఒకటిగా కట్టే పద్ధతి) వద్దు. యాక్టివ్-బ్యాకప్ (ఒకటి పనిలో, ఒకటి సిద్ధంగా) చాలు.
- స్టాండ్‌బై దారిలో అన్ని వీల్యాన్‌లూ (ఒకే తీగ మీది వేర్వేరు నెట్‌వర్క్‌లు) ఉన్నాయా? వాటిని మోసే ట్రంక్‌లో ఒక్కటి తప్పినా లింక్ పచ్చగానే ఉంటుంది, ఆ వీఎంలు మాత్రమే చస్తాయి.
- వీఎమ్‌వేర్‌లో ఫెయిల్‌బ్యాక్ (పాత దారి లేవగానే తిరిగి దానికే మారడం) ‘నో’. రీబూటైన మాడ్యూల్ లోపలి పోర్టులు ముందు లేస్తాయి, అప్‌లింక్ ఫార్వర్డింగ్‌కి ఆలస్యమవుతుంది. స్పానింగ్ ట్రీ (స్విచ్‌ల మధ్య లూప్‌లు రాకుండా ఆపేది) పాత పద్ధతిలో ఉంటే 30 సెకన్లు.
- లినక్స్‌లో ఇదే పని అప్‌డిలేతో (లేచిన లింక్‌ని వాడే ముందు ఆగే సమయం). ఎంఐఐమాన్ (లింక్‌ని చూసే వ్యవధి) 100 అయితే అప్‌డిలే 60000 పెట్టండి, రెండూ మిల్లీసెకన్లలోనే.
- రెండే నిక్‌లతో బీకన్ ప్రోబింగ్ (నిక్‌లు ఒకదానికొకటి ప్యాకెట్లు పంపి దారి చూసుకోవడం) వద్దు. ఏది పోయిందో తేల్చలేదు, మూడుండాలి.
- ఎంఐఐమాన్, ఏఆర్‌పీ మానిటరింగ్ (అవతలి ఐపీని అడిగి దారి చూడటం) కలిపి వాడొద్దు.
- రెండు మాడ్యూళ్ల అప్‌లింక్‌లూ పైన ఒకే స్విచ్‌లోకా? మార్చండి.
- క్రాస్‌లింక్‌ని (రెండు మాడ్యూళ్లని కలిపే లోపలి లింక్‌ని) లింక్ స్టేట్ ట్రాకింగ్‌లో అప్‌స్ట్రీమ్ గ్రూపులో వేయొద్దు. అది అప్‌లో ఉన్నంతసేపూ గ్రూపు పడదు.
- రెండు మాడ్యూళ్లూ ఒకేసారి అప్‌డేట్ చేయొద్దు. ఎవరు అడిగినా సరే.
- మొదటిది లేచాక రెండోదాన్ని ముట్టుకునే ముందు మళ్లీ: రెండోదాని అప్‌లింక్‌లు పీకండి, మాడ్యూల్ కాదు. పింగ్ చూడండి.