కొత్త స్విఫ్ట్‌లో వణుకు, గుంజుడు, క్లచ్: సమస్య - పరిష్కారం

2024 మేలో వచ్చిన మారుతి స్విఫ్ట్ కారులో అసలు మార్పు బానెట్ కింద ఉంది. నాలుగు సిలిండర్ల కె12ఎన్ ఇంజిన్ పోయి మూడు సిలిండర్ల జెడ్12ఈ వచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో వచ్చిన డిజైర్‌కూ ఇదే ఇంజిన్. మాన్యువల్ గేర్ల స్విఫ్ట్‌లో కేబుల్ క్లచ్ బదులు హైడ్రాలిక్ క్లచ్ (పైపులోని ఫ్లూయిడ్ ఒత్తిడితో పనిచేసేది) పెట్టారు. ఏది బండి స్వభావం, ఏది లోపం అన్నది ముందే తేల్చుకుంటే బాగున్న పార్టులు మార్చే ఖర్చు తప్పుతుంది.

బండి ఆగి ఉంటే స్టీరింగ్ వణుకుతోంది

నాలుగు సిలిండర్లలో క్రాంక్ (ఇంజిన్ ఇరుసు) 180 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒకటి ఫైర్ అవుతుంది. మూడింటిలో 240 డిగ్రీలకు ఒకటి. ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి వేగం) 750 ఆర్‌పీఎం అనుకుంటే సెకనుకు 25 దెబ్బలు పడేచోట ఇప్పుడు 19 కూడా పడవు. దెబ్బకూ దెబ్బకూ ఎడం పెరిగింది కనుక చేతికి తెలుస్తుంది.

ఇంజిన్ వేడెక్కాక న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఏసీ ఆపి 1,500 ఆర్‌పీఎం దాకా రేజ్ చేయండి. వణుకు సర్దుకుంటే బండి బాగానే ఉంది. సర్దుకోకుండా ఇంజిన్ లైట్ కూడా మినుకుమంటుంటే అది మిస్‌ఫైర్, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండట్లేదు. అలాగే నడపొద్దు, మండని పెట్రోల్ పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. స్కానర్ పెడితే పీ0301, పీ0302, పీ0303లో ఏ కోడ్ వస్తే ఆ నంబర్ సిలిండర్‌ది తప్పు. ఆ సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్‌ను (ప్లగ్గుకు కరెంట్ ఇచ్చేది) పక్క సిలిండర్‌కు మార్చి చూడండి. కోడ్ కూడా పక్కకు పోతే కాయిల్ పోయినట్టే. అక్కడే ఉంటే ముందు ప్లగ్గు, తర్వాత ఇంజెక్టర్ చూడాలి.

రివర్స్ వేసి క్లచ్ వదలగానే ఠక్కుమంటే ఇంజిన్ మౌంట్ల రబ్బరు చీలిందేమో, బోల్టులు వదులయ్యాయేమో చూడండి.

ఓవర్‌టేక్ చేద్దామంటే బండి గుంజుతలేదు

పాత ఇంజిన్ 90 పీఎస్ ఇచ్చేది, ఇది దాదాపు 82. టార్క్ (తిప్పే బలం) మాత్రం 112 ఎన్‌ఎం దగ్గరే ఉంది, అదీ 4,300 ఆర్‌పీఎం వద్ద. నార్కట్‌పల్లి దాటాక విజయవాడ హైవే మీద 80 స్పీడులో ఐదో గేర్‌లోనే ఉండి ఎంత తొక్కినా లాభం లేదు. మూడో గేర్‌కు దించండి, ముందున్న లారీని దాటే దమ్ము వస్తుంది.

గేరు దించినా గుంజకపోతే ఎయిర్ ఫిల్టర్ చూడాలి. మిర్యాలగూడ రైస్‌మిల్లుల పక్కన తిరిగే బండ్లలో ఊక దుమ్ము ఫిల్టర్ మడతల్లో దట్టంగా పేరుకుంటుంది. వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. వెలుగు కనబడకపోతే మార్చాల్సిందే. గట్టిగా గాలి కొడితే కాగితం చిరిగి దుమ్ము ఇంజిన్‌లోకే పోతుంది. ఫిల్టర్ బాగుంటే, పది కిలోమీటర్లు నడిపాక నాలుగు చక్రాల దగ్గరా అరచేయి పెట్టి చూడండి, రిమ్‌ను తాకొద్దు. ఒక్కటే సెగ కొడుతుంటే అక్కడ బ్రేక్ పట్టుకుంటోంది.

సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటది ఆగట్లేదు

సిగ్నల్‌లో బండి ఆగితే పెట్రోల్ ఆదాకు ఇంజిన్ దానంతటదే ఆగి, మళ్లీ స్టార్టయ్యే ఏర్పాటు ఇందులో ఉంది. ఎండాకాలం ఏసీ ఫుల్లుగా ఉంటే ఆగదు, బ్యాటరీ చార్జి తక్కువున్నా ఆగదు. అది లోపం కాదు. బ్యాటరీ మారిస్తే మాత్రం ఈఎఫ్‌బీ రకమే (మాటిమాటికీ స్టార్ట్ చేయడాన్ని తట్టుకునేది) వేయించండి. మామూలు బ్యాటరీ ఇన్నిసార్లు స్టార్ట్ చేయడాన్ని ఎక్కువకాలం తట్టుకోదు.

క్లచ్ మెత్తబడింది, గేరు గీరుకుంటోంది

ఇక్కడే పొరపాటు జరుగుతుంది. కేబుల్ అలవాటుతో మెకానిక్ టైట్ చేసే నట్టు కోసం వెతుకుతాడు. ఇందులో కేబులే లేదు. పెడల్ స్పాంజిలా దిగుతూ, రెండు మూడు సార్లు పంపు చేస్తే గట్టిపడుతుంటే పైపులో గాలి చేరినట్టు. గాలి చేరిందంటే ఎక్కడో లీకు ఉండొచ్చు. ముందు దాన్ని పట్టండి: పెడల్ వెనక, ఫ్లూయిడ్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ తడి, గేర్‌బాక్స్ దగ్గర పైపు జాయింట్ల తడి.

లీకు ఆపాక గాలి తీయడానికి ఇద్దరు కావాలి. బ్లీడర్ నిపుల్‌కు (గాలి బయటికి తీసే చిన్న స్క్రూకు) పారదర్శక పైపు తగిలించి, రెండో కొసను బ్రేక్ ఫ్లూయిడ్ పోసిన సీసాలో ముంచండి. ఒకరు పెడల్‌ను నిదానంగా నాలుగైదు సార్లు తొక్కి కిందే పట్టుకోవాలి. రెండోవారు నిపుల్ కాస్త వదులు చేసి, బుడగలు పోగానే బిగించాలి. ఆ తర్వాతే పెడల్ వదలాలి. నిపుల్ తెరిచి ఉండగా వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. పైపులో బుడగ కనబడనంత వరకు ఇలాగే చేయండి. మధ్యమధ్యలో డబ్బాలో ఫ్లూయిడ్ మిన్ గీత కిందికి పోకుండా పోస్తుండాలి. ఫ్లూయిడ్ ఏ డాట్ గ్రేడో (రకమో) మాన్యువల్‌లో ఉంటుంది. చుక్క పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేదంటే రంగు లేచిపోతుంది.

టెంపరేచర్ లైట్ వెలుగుతోంది

బండి వేడిగా ఉండగా కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మూత విప్పొద్దు. చల్లారాక రిజర్వ్ డబ్బాలో మట్టం చూడండి. తగ్గితే రెడీమిక్స్ కూలెంటే పోయాలి. నల్గొండ బోరు నీళ్లు అస్సలు వద్దు. వాటిలోని ఉప్పు, సున్నం రేడియేటర్ సన్నని గొట్టాల్లో తెల్లటి పొరగా పట్టేస్తాయి. దారిలో తప్పనిసరైతే డిస్టిల్డ్ వాటర్ పోసి, ఊరు చేరాక కూలెంట్ మార్పించండి. మట్టం సరిగ్గానే ఉండి వేడెక్కుతుంటే రేడియేటర్ ముందు చేరిన పత్తి పీచు, పురుగులు తీసి, ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడాలి.