సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నవారు విటమిన్ డి తీసుకోవలసిన పద్ధతి

సిస్టిక్ ఫైబ్రోసిస్ అనేది ఊపిరితిత్తుల్లో, క్లోమంలో జిగట ద్రవం పేరుకునే జన్యుపరమైన జబ్బు. ఇది ఉన్న చాలామందిలో క్లోమం నుంచి ఎంజైములు పేగుల్లోకి సరిగా చేరవు. అందువల్ల కొవ్వుతో పాటు, కొవ్వులో కరిగే విటమిన్ డి కూడా ఒంటికి సరిగా పట్టదు. ముందుగా, ఒంట్లో విటమిన్ డి ఎంత ఉందో చూపే 25-హైడ్రాక్సీ విటమిన్ డి రక్త పరీక్ష చేయించాలి. అది మిల్లీలీటరుకు కనీసం 30 నానోగ్రాములు ఉండాలని అమెరికా సిస్టిక్ ఫైబ్రోసిస్ ఫౌండేషన్ 2012లో సూచించింది. ఆ మార్గదర్శకాల ప్రకారం విటమిన్ డి3 రూపాన్ని ఎంచుకోవాలి. పదేళ్లు దాటిన వారికి, పెద్దలకు ప్రారంభ మోతాదు రోజుకు 800 నుంచి 2000 యూనిట్లు.

మాత్రను ఖాళీ కడుపుతో వేసుకోకండి. నెయ్యి, పెరుగు, గుడ్డు వంటి కొవ్వున్న భోజనంతో, వైద్యులు రాసిన ఎంజైము మాత్రలతో కలిపి తీసుకోవాలి. నా దృష్టిలో మోతాదు పెంచమని అడిగే ముందు సరిచూసుకోవలసింది ఇదే. మోతాదు మార్చిన మూడు నెలలకు, ఆపైన ఏటా, వీలైతే చలికాలం చివర, మళ్లీ పరీక్షించాలి.

మన మందుల షాపుల్లో దొరికే 60,000 యూనిట్ల సాచెట్లను వైద్యుల సలహా లేకుండా వాడవద్దు, ముఖ్యంగా రోజూ వాడవద్దు. రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మల్టీవిటమిన్‌లో ఉన్న డిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఊపిరితిత్తుల విషయంలో ఆశను అదుపులో ఉంచుకోవాలి. డి తక్కువగా ఉన్నవారిలో ఊపిరితిత్తుల పనితీరు కూడా తక్కువగా ఉన్నట్లు కొన్ని పరిశీలనల్లో కనిపించినా, ఇన్ఫెక్షన్ తీవ్రమై ఆసుపత్రిలో చేరిన పెద్దలకు అమెరికాలో అధిక మోతాదు డి ఇచ్చి చూసిన డిస్క్ (DISC) అనే పరిశోధనలో, ఇన్ఫెక్షన్ మళ్లీ తీవ్రం కావడం ఆలస్యం కాలేదు. ఎముకల బలానికి ఈ విటమిన్ తప్పనిసరి. కఫం తీసే వ్యాయామాలను, యాంటీబయాటిక్‌లను మాత్రం దీన్ని నమ్ముకుని ఆపకూడదు.