పాట కంప్యూటర్‌లో మోగుతోంది, ఫోన్‌లోకి ఎక్కడం లేదా? ఎక్కడ ఆగిందో ఇలా పట్టుకోండి

యాప్ తెరిస్తే అన్ని పాటలూ వచ్చేస్తాయి కదా, ఇంకా ఈ ఫైళ్ల గొడవెందుకు అనేవాళ్లు ఒకసారి వినాయక చవితికి మా కోనసీమ పందిళ్ల దగ్గరికి వచ్చి చూడాలి. మైకుసెట్టు ఆయన అడిగేది పెన్‌డ్రైవో, పాటలు ఎక్కించిన ఫోనో. భీమవరం వైపు రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా ఉండేవాళ్లకి గట్టు ఈ చివర సిగ్నల్ ఉంటే ఆ చివర ఉండదు. కువైట్‌లో ఉన్న అబ్బాయికి వాళ్ల తాతగారు చెప్పిన హరికథ కావాలి. అది ఏ యాప్‌లోనూ లేదు, రాజోలులో ఇంటి అటక మీద క్యాసెట్‌లో ఉంది. దాన్ని కంప్యూటర్‌లోకి దింపేవరకు పని బాగానే సాగుతుంది. అక్కడి నుంచి ఫోన్‌కి ఎక్కించేటప్పుడే చిక్కంతా.

కాపీ అయిపోయినట్టే ఉంటుంది. మొబైల్ షాపులో కుర్రాడైతే "ఆయ్, ఎక్కించేశానండీ" అని ఫోన్ చేతిలో పెట్టేస్తాడు. ఇంటికొచ్చి చూస్తే ఒక్క పాటా ఉండదు. అప్పుడు చాలామంది చేసేది ఒకేసారి అన్నీ మార్చేయడం: కొత్త కేబుల్ కొంటారు, యాప్ తీసేసి మళ్లీ వేస్తారు, చివరికి ఫోన్ రీసెట్ కొడతారు. రీసెట్ జోలికి మాత్రం పోకండి. ఫొటోలు పోతాయి, పాటలు ఎలాగూ రావు.

ముందు ఈ ఒక్క పరీక్ష చేయండి

మ్యూజిక్ యాప్‌ని పక్కన పెట్టి ఫోన్‌లో ఫైల్స్ యాప్ తెరవండి. శాంసంగ్ ఫోన్లలో దాని పేరు మై ఫైల్స్, చాలా ఫోన్లలో ఫైల్స్ బై గూగుల్. అందులో పాట ఫైలు పేరు కొట్టి వెతకండి. మూడింటిలో ఏదో ఒకటి జరుగుతుంది.

ఫైలే దొరకలేదంటే పాట దారిలోనే ఆగిపోయింది. కేబులో, కేబుల్ గుచ్చే పోర్టో, చోటు లేకపోవడమో కారణం. ఫైలు దొరికింది గానీ నొక్కితే మోగలేదంటే ఫైల్లోనే తేడా ఉంది. దొరికింది, మోగుతోంది కూడా, మ్యూజిక్ యాప్‌లో మాత్రం కనపడదంటే ఇక కేబుల్‌ని తిట్టుకోనక్కర్లేదు, యాప్ సంగతి చూడాలి. మీది ఈ మూడింటిలో ఏదో తేలాక కింద ఆ భాగం ఒక్కటీ చదివితే చాలు. ఐఫోన్ వాళ్లు నేరుగా దాని భాగానికి వెళ్లిపోండి, వాళ్ల పద్ధతే వేరు.

ఫైలే రాకపోతే

బస్టాండ్ దగ్గర అమ్మే చవక కేబుళ్లలో కొన్ని ఛార్జింగ్‌కి మాత్రమే పనికొస్తాయి. మామూలు యూఎస్‌బీ కేబుల్‌లో రెండు తీగలు కరెంటుకి, రెండు డేటాకి ఉంటాయి. ఈ చవక రకంలో డేటా తీగలు వేయరు. ఫోన్ ఛార్జ్ అవుతూనే ఉంటుంది కాబట్టి కేబుల్ మీద మనకి అనుమానం రాదు. ఫోన్‌తో పాటు డబ్బాలో వచ్చిన కేబుల్ ఉంటే దానితో ఒకసారి చూడండి.

కేబుల్ మంచిదే అయితే ఫోన్ లాక్ తీసి, పైనుంచి నోటిఫికేషన్లు కిందికి లాగండి. యూఎస్‌బీ ద్వారా ఛార్జ్ అవుతోంది అనే గీత ఒకటి కనపడుతుంది. దాన్ని నొక్కి ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్ మామూలుగా ఛార్జింగ్ ఒక్కటే ఒప్పుకుంటుంది, ఫైళ్లు చూపించమని మనమే చెప్పాలి. కంప్యూటర్‌లో ఫోన్ పేరు కనపడుతూ లోపల ఖాళీగా ఉందంటే చాలాసార్లు కారణం ఇదే.

అయినా కుదరకపోతే ఫోన్ కింది పోర్టులోకి టార్చ్ వేసి చూడండి. కొబ్బరి వలిచేచోట, పీచు ఆడేచోట తిరిగేవాళ్ల ఫోన్లలో నలుసులు అడుగున చేరి గట్టిపడిపోతాయి. కేబుల్ పూర్తిగా లోపలికి దిగదు, కాస్త కదిలితే తెగిపోతూ ఉంటుంది. ఫోన్ ఆపేసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా గీరి తీయండి. పిన్నీసు, సూది వాడొద్దు. పోర్టులో తడి ఉందని ఫోనే హెచ్చరిస్తే కేబుల్ తీసేసి గాలి తగిలేలా ఆరనివ్వండి. బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు మానుకోవాలి. వరి పండించే డెల్టాలో ఈ మాట చెప్పడం కష్టమే గానీ, ఆపిల్ కంపెనీ కూడా ఐఫోన్‌ని బియ్యంలో పెట్టొద్దనే చెబుతోంది. నూక, తవుడు పోర్టులో చేరితే మరో తలనొప్పి.

కాపీ మొదలై మధ్యలో ఆగిపోతోందంటే ఫోన్‌లో చోటు చూసుకోండి. 128 కేబీపీఎస్ (అంటే సెకనుకి 128 కిలోబిట్లు) ఎంపీ3 అయితే నిమిషానికి సుమారు 1 ఎంబీ పడుతుంది. అదే క్యాసెట్‌లోంచి సీడీ నాణ్యతతో వేవ్ ఫైలుగా దింపినది నిమిషానికి 10 ఎంబీ పైనే మింగేస్తుంది. రెండు గంటల హరికథ వేవ్‌లో 1.2 జీబీ దాటుతుంది, ఎంపీ3 చేస్తే 120 ఎంబీ లోపే. మాట, హార్మోనియం, మృదంగం ఉన్న పాత రికార్డింగ్‌కి 128 సరిపోతుందనే నేనంటాను. క్యాసెట్‌లో లేని నాణ్యత వేవ్ ఫైలుతో కొత్తగా రాదు. అసలు వేవ్ ఫైలుని కంప్యూటర్‌లో దాచుకుని, ఫోన్‌కి ఎంపీ3 పంపండి.

తెల్లవార్లూ ఆడిన పద్యనాటకం వీడియోలాంటి పెద్ద ఫైలైతే ఇంకో అడ్డం ఉంది. చిప్పులో, అంటే మెమరీ కార్డులో, బోలెడు ఖాళీ ఉన్నా ఎక్కదు. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన కార్డు 4 జీబీ దాటిన ఒక్క ఫైలుని తీసుకోలేదు. ఫైలుని రెండు ముక్కలు చేయండి, లేదా కార్డులో ఉన్నవన్నీ వేరేచోట దాచుకుని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి.

ఫైలు ఉంది గానీ మోగకపోతే

ముందు ఫైలు సైజు చూడండి. కంప్యూటర్‌లో 5 ఎంబీ ఉన్న పాట ఫోన్‌లో 1 ఎంబీ ఉందంటే సగంలో కేబుల్ ఊడింది. దాన్ని తీసేసి మళ్లీ కాపీ చేయండి, అంతే.

సైజు 1 కేబీ ఉంటే కథ వేరు. పెళ్లిలో వాయించిన సన్నాయి మేళం ఆడియో సీడీగా ఇచ్చారనుకోండి. దాన్ని కంప్యూటర్‌లో పెడితే ట్రాక్01, ట్రాక్02 అని వరసగా ఫైళ్లు కనపడతాయి, పేరు చివర సీడీఏ అని ఉంటుంది. వాటన్నిటినీ ఎంచి ఫోన్‌లోకి కాపీ చేస్తే క్షణంలో అయిపోతుంది. అంత త్వరగా అయిపోయినప్పుడే అనుమానపడాలి. ఆ ఫైలు అసలు సైజు 44 బైట్లు. అందులో పాట లేదు, సీడీ మీద పాట ఏ చోట మొదలవుతుందో రాసిన చీటీ మాత్రమే ఉంది. సీడీ కంప్యూటర్‌లో ఉన్నంతసేపు నొక్కితే మోగుతుంది, అందుకే మోసపోతాం.

పాటని సీడీలోంచి బయటికి తీయడాన్ని రిప్ చేయడం అంటారు. విండోస్ మీడియా ప్లేయర్‌లో సీడీ పెట్టగానే రిప్ సీడీ అనే బొత్తాం వస్తుంది. నొక్కే ముందు రిప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫార్మాట్ ఎంపీ3కి మార్చండి. ఈ ప్లేయర్ పాత రకంలో మనం ఏమీ మార్చకపోతే డబ్ల్యూఎంఏగా చేసిపెడుతుంది. అది మైక్రోసాఫ్ట్ తయారు చేసుకున్న పద్ధతి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల మ్యూజిక్ యాప్‌లు దాన్ని పట్టించుకోవు, ఐఫోన్ మ్యూజిక్ యాప్ అసలే తీసుకోదు.

ఇప్పటికే ఇంటినిండా డబ్ల్యూఎంఏ పాటలుంటే కంగారు లేదు. ఫోన్‌లో వీఎల్‌సీ అనే ప్లేయర్ యాప్ ఉచితంగా వేసుకుంటే వాటిని నేరుగా మోగిస్తుంది. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ఉంటే మీడియా మెనూలోని కన్వర్ట్ దగ్గర ఎంపీ3గా మార్చుకోవచ్చు కూడా. ఫైలు పేరు చివరి అక్షరాలు చెరిపేసి ఎంపీ3 అని టైప్ చేసి ఊరుకుంటే మాత్రం ఏమీ జరగదు. పేరు మారుతుంది, లోపలి సరుకు మారదు.

నెలనెలా డబ్బు కట్టే పాటల యాప్‌లో డౌన్‌లోడ్ చేసినవి ఇంకో ఫోన్‌లోకి కాపీ చేస్తే మోగవు. అవి ఆ యాప్‌కి, ఆ ఖాతాకి మాత్రమే తెరుచుకునేలా తాళం వేసి ఉంటాయి. వాటి మీద సమయం పెట్టకండి.

మోగుతోంది, మ్యూజిక్ యాప్‌లో కనపడదు

ఆండ్రాయిడ్ ఫోన్ తనలో ఉన్న పాటలు, ఫొటోలన్నిటికీ ఒక జాబితా రాసి పెట్టుకుంటుంది. చాలా యాప్‌లు ఫోల్డర్లు తిరగవు, ఆ జాబితానే చూస్తాయి. కొత్తగా ఎక్కించిన పాట ఇంకా జాబితాలోకి చేరలేదేమో, ఫోన్ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. చాలామందికి ఇక్కడితో తీరిపోతుంది.

తీరకపోతే యాప్ అనుమతులు చూడండి. ఆండ్రాయిడ్ 13 నుంచి పాటల అనుమతి ఫొటోల అనుమతి నుంచి విడిపోయింది. సెట్టింగ్స్‌లో ఆ యాప్ దగ్గరికెళ్లి మ్యూజిక్ అండ్ ఆడియోకి అలో ఇవ్వండి. తర్వాత పాటలున్న ఫోల్డర్ తెరిచి, దాచిన ఫైళ్లు చూపించమని ఫైల్స్ యాప్‌కి చెప్పండి. అక్కడ డాట్ నోమీడియా అనే ఫైలు ఉంటే ఆ ఫోల్డర్‌లో ఏదీ జాబితాలో రాయొద్దని ఫోన్‌కి చెప్పినట్టే. పాటల్ని మ్యూజిక్ అనే ఫోల్డర్‌లోకి మార్చేస్తే చాలు. ఫోల్డర్ పేరు చుక్కతో మొదలైనా ఇదే తంతు.

వాట్సాప్‌లో వచ్చిన పాటలది మరో తిరకాసు. ఆడియోగా పంపితే అసలు పేరు పోయి ఏయూడీ అని మొదలై, తేదీ, నంబరుతో కొత్త పేరు పడుతుంది. పాత పేరు కొట్టి వెతికితే దొరకదు మరి. కువైట్‌కి హరికథ పంపేవాళ్లు ఆడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. పేరు చెక్కుచెదరదు, 2 జీబీ దాకా వెళుతుంది.

పాట యాప్‌లోనే ఉండి మనకి కనపడకపోవడం కూడా మామూలే. మనం ఫైలుకి పేరు పెట్టాం, యాప్ మాత్రం ఫైలు లోపల రాసి ఉన్న పేరు చదువుతుంది. లోపల ఏమీ రాసి లేకపోతే పాటని అన్‌నోన్ ఆర్టిస్ట్ కింద తోసేస్తుంది. కంప్యూటర్‌లో ఎంపీ3 మీద కుడి బొత్తాం నొక్కి ప్రాపర్టీస్, తర్వాత డీటెయిల్స్ తెరిస్తే పాట పేరు, పాడినవారి పేరు తెలుగులోనే రాయొచ్చు. మైకుసెట్టుకి ఇచ్చే పెన్‌డ్రైవ్ అయితే ఫైలు పేర్ల ముందు 01, 02 అని రెండంకెలు వేయండి. ఉత్త 1, 2 వేస్తే కొన్ని ప్లేయర్లు ఒకటి తర్వాత పదో పాట అందుకుంటాయి, సుప్రభాతం మధ్యలో మంగళహారతి వస్తుంది.

ఐఫోన్ అయితే

ఫోల్డర్‌లోకి కాపీ కొట్టే దారి ఇక్కడ లేదు. విండోస్‌లో ఐట్యూన్స్ గానీ ఆపిల్ డివైసెస్ యాప్ గానీ కావాలి. మ్యాక్‌లో 2019 నాటి కాటలీనా నుంచి ఆ పని ఫైండర్ చేస్తోంది. కేబుల్ పెట్టగానే ఫోన్ మీద ట్రస్ట్ అని అడుగుతుంది, ఒప్పుకోండి. పాటలు ఎక్కించే సింక్ గడి కంప్యూటర్‌లో అసలు కనపడకపోతే ఫోన్‌లో మ్యూజిక్ సెట్టింగ్స్ తెరవండి. సింక్ లైబ్రరీ ఆన్‌లో ఉంటే కంప్యూటర్ నుంచి పాటలు ఎక్కించనివ్వదు. దాన్ని ఆపితే ఆపిల్ మ్యూజిక్‌లో డౌన్‌లోడ్ చేసుకున్నవి ఫోన్‌లోంచి పోతాయి, అది చూసుకుని ఆపండి. వేరే కంప్యూటర్‌కి పెట్టినప్పుడు ఎరేజ్ అండ్ సింక్ అని అడిగితే ఆగండి. అది కొత్తవి ఎక్కించే ముందు ఫోన్‌లో ఉన్న పాటలన్నీ తుడిచేస్తుంది.

ఇదంతా ఎవరు పడతారు అనిపిస్తే వీఎల్‌సీ అనే ప్లేయర్ యాపే దిక్కు, నేనైతే ముందే అటు వెళతాను. ఐఫోన్‌లో వేసుకుని వైఫై షేరింగ్ ఆన్ చేస్తే ఒక అడ్రస్ చూపిస్తుంది. కంప్యూటర్, ఫోన్ ఒకే వైఫై మీద ఉంటే ఆ అడ్రస్‌ని బ్రౌజర్‌లో కొట్టి పాటలు అందులోకి లాగి వదలొచ్చు.

చిప్పులో పాటలు మర్నాటికి మాయమైతే

ఎక్కించినప్పుడు ఉండి, ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేశాక పాటలు పోతున్నా, కొన్ని ఫైళ్ల పేర్లు పిచ్చి గుర్తులుగా మారుతున్నా కార్డు పోయిందనుకోవాలి, లేదా అది మొదటి నుంచీ నకిలీది. 256 జీబీ అని ముద్ర వేసి లోపల అందులో పదో వంతు కూడా లేని కార్డులు బజారులో ఉన్నాయి. అసలు చోటు నిండేదాకా బాగానే పనిచేస్తాయి, ఆ తర్వాత ఎక్కించింది ఎక్కినట్టే ఎక్కి పోతుంది. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం కార్డుని మొత్తం నింపి, తిరిగి చదివి, నిజంగా ఎంతుందో చెబుతుంది. పెద్ద కార్డుకి గంటలు పడుతుంది కాబట్టి రాత్రి పెట్టి పడుకోండి. దానికి ముందు కార్డులో ఉన్న ఫొటోలు, పాటలు వేరేచోటికి కాపీ చేసుకోవాలి. పరీక్షలో తప్పిన కార్డుని ఫార్మాట్ చేసి మళ్లీ వాడొద్దు, బిల్లు ఉంటే షాపుకి పట్టుకెళ్లి మార్పించుకోండి.