ఇంట్లో ఉక్రెయిన్ వరేనికి చేయడం ఎలా?

పల్చగా ఒత్తిన మైదా బిళ్లలో కూర పెట్టి, అర్ధచంద్రాకారంలో మడిచి, ఉప్పునీళ్లలో ఉడికించేవే వరేనికి. ఉక్రెయిన్‌లో ఇవి లేని ఇల్లు ఉండదు. పశ్చిమాన ల్వీవ్ వైపు వీటినే పిరోహి అంటారు. ఖార్కివ్‌లోనో, వినిత్సియాలోనో మెడిసిన్ చదివొచ్చిన మన పిల్లల్లో చాలామందికి ఈ రుచి తెలిసే ఉంటుంది. కెనడాలో ఉండే మనవాళ్లు సూపర్‌మార్కెట్ ఫ్రీజర్లలో పెరోగీ పేరుతో వీటి చుట్టాలను చూస్తూనే ఉంటారు. ఆ ప్యాకెట్‌కీ, ఇంట్లో అప్పుడే దించి వెన్న రాసిన వరేనికికీ పోలికే లేదు.

లోపల పెట్టేవి చాలా రకాలు: ఆలూ, పులియబెట్టిన క్యాబేజీ, పుట్టగొడుగులు, తాజా చీజ్, పుల్లటి చెర్రీలు, గసగసాలు. మొదటిసారి చేసేవాళ్లు ఆలూతో మొదలుపెట్టడం మంచిది. శాకాహారుల కోసం మార్చాల్సింది కూడా ఏమీ లేదు. క్రిస్మస్ ముందురోజు రాత్రి ఉక్రెయిన్ ఇళ్లలో మాంసం, పాలు, గుడ్లు లేకుండా 12 వంటకాలతో భోజనం చేస్తారు. ఆ పూట ఆలూ, క్యాబేజీ వరేనికి వెన్నకు బదులు నూనెతో వడ్డిస్తారు. గుడ్డు లేని పిండి వాళ్ల సంప్రదాయంలోనే ఉందన్నమాట.

కావాల్సినవి (50 దాకా వస్తాయి, నలుగురికి సరిపోతాయి)

మైదా 400 గ్రాములు, బాగా వేడిగా ఉన్న నీళ్లు 200 మిల్లీలీటర్లు, నూనె 2 టేబుల్ స్పూన్లు, ఉప్పు అర టీస్పూన్. కూరకు ఆలుగడ్డలు అర కిలో, పెద్ద ఉల్లిపాయలు 3, మిరియాల పొడి, ఉప్పు, వేయించడానికి నూనె. వడ్డించడానికి వెన్న, చిక్కటి పెరుగు.

1. పిండి కలపడం

మైదాలో ఉప్పు వేసి, నూనె కలిపిన వేడినీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ ముందు గరిటెతో కలపండి. చెయ్యి పెట్టగలిగేంత వేడికి వచ్చాక 7, 8 నిమిషాలు బాగా మర్దించాలి. చన్నీళ్లతో కలిపేవాళ్లు, గుడ్డు వేసేవాళ్లు కూడా ఉన్నారు. నా ఓటు మాత్రం వేడినీళ్లకే. వేడికి మైదాలోని పిండిపదార్థం కొంత ఉడికి ఎక్కువ నీరు పీల్చుకుంటుంది, జిగురు సాగుడు తగ్గుతుంది. అందుకే ఒత్తేటప్పుడు వెనక్కి ముడుచుకోదు, ఉడికాక మెత్తగా ఉంటుంది. మైదాను బట్టి ఒకటి రెండు చెంచాల నీళ్లు ఎక్కువ పట్టొచ్చు. ముద్ద మీద తడిగుడ్డ కప్పి అరగంట నాననివ్వండి. టైం లేదని ఈ అరగంట కోసేయకండి.

2. కూర

చెక్కు తీసిన ఆలుగడ్డ ముక్కలను ఉప్పునీళ్లలో ఉడికించి వార్చేయండి. అదే గిన్నెలో మళ్లీ సన్నటి సెగ మీద ఒక నిమిషం ఉంచితే తడి ఆరిపోతుంది. వేడిగా ఉన్నప్పుడే చేత్తోనో, పప్పుగుత్తితోనో మెదపాలి. మిక్సీలో వేస్తే బంకలా తయారవుతుంది.

ఉల్లిపాయలను సన్నగా తరిగి, సన్నటి సెగ మీద 15–20 నిమిషాలు నిదానంగా వేయించండి. ముందు నీరు వదిలి మెత్తబడతాయి, తర్వాత అంచులు ఎర్రబడి తియ్యటి వాసన వస్తుంది. అక్కడిదాకా ఆగాలి, ఎందుకంటే ఈ వంటకానికి రుచంతా ఆ ఉల్లిపాయలదే. మూడోవంతు పక్కన పెట్టి, మిగతావి నూనెతో సహా ఆలూలో కలిపి, ఉప్పు, మిరియాల పొడి వేయండి. మన చెయ్యి అలవాటుగా పోపుల డబ్బా మీదికి పోతుంది. ఈ ఒక్కసారికి పచ్చిమిర్చి, గరం మసాలా లేకుండా తిని చూడండి. కూర పూర్తిగా చల్లారాకే వాడాలి, వేడి కూర పిండిని చెమర్చేలా చేసి చింపేస్తుంది.

3. ఒత్తడం, మడవడం

పిండిని నాలుగు ముద్దలు చేసి, ఒకటి ఒత్తేటప్పుడు మిగతావి గుడ్డ కిందే ఉంచండి. 2 మిల్లీమీటర్ల మందంలో పెద్ద చపాతీలా ఒత్తి, 7 సెంటీమీటర్ల మూతి ఉన్న గ్లాసుతో బిళ్లలు కోయాలి. మిగిలిన తునకలను కలిపి, కాసేపు నానాక మళ్లీ ఒత్తుకోవచ్చు.

బిళ్లను అరచేతిలో పెట్టుకుని మధ్యలో ఒక టీస్పూన్ కూర పెట్టండి. సగానికి మడిచి ముందు నడుమ అతికించి, అక్కడి నుంచి రెండు వైపులా గాలి పోయేలా నొక్కుతూ రండి. అంచుకు నూనె గానీ కూర గానీ అంటితే ఎంత నొక్కినా నీళ్లలో విడిపోతుంది. పిండి పొడిబారితే అంచుకు వేలితో కాస్త తడి రాయండి. ఆపైన కజ్జికాయ అంచును మెలిపెట్టినట్టు బొటనవేలితో మడుస్తూ పోతే అందంగానూ ఉంటుంది, రెండో తాళం వేసినట్టూ ఉంటుంది. పిండి చల్లిన పళ్లెంలో విడివిడిగా పేర్చి గుడ్డ కప్పండి.

4. ఉడికించడం

వెడల్పాటి గిన్నెలో 3 లీటర్ల నీళ్లు ఉప్పు వేసి మరిగించి, ఒక విడతకు 12–15 వేయండి. వేసిన వెంటనే గరిటె వెనకవైపుతో అడుగంటకుండా మెల్లగా కదపాలి. పైకి తేలాక మధ్యస్థంగా మంట తగ్గించి ఇంకో 2, 3 నిమిషాలు ఉంచి, చిల్లుల గరిటెతో తీయండి. నీళ్లు ఓడ్చి, కరిగించిన వెన్న ఉన్న గిన్నెలో వేసి గిన్నెనే ఊపండి. గరిటె పెడితే చితికిపోతాయి.

పక్కన పెట్టిన ఉల్లిపాయలు పైన చల్లి వేడిగా వడ్డించండి. అక్కడ స్మెతానా అనే పుల్లటి మీగడ వేసుకుంటారు. గుడ్డలో కట్టి రెండు గంటలు నీరు కార్చిన పెరుగులో కాస్త మీగడ గిలక్కొడితే దానికి చాలా దగ్గరగా వస్తుంది. దొరికితే సోయికూర (డిల్) సన్నగా తరిగి చల్లండి. మాంసాహారులు వేయించిన పంది కొవ్వు ముక్కలు వేసుకుంటారు.

ఆలూ చేయి తిరిగాక మధ్య ఉక్రెయిన్‌లోని పోల్తావా పద్ధతి ప్రయత్నించండి. కెఫీర్ అనే పులిసిన పాలలో వంటసోడా వేసి కలిపిన పిండితో, గిన్నె మూతికి గుడ్డ వాసెన కట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. కెఫీర్ దొరక్కపోతే చిక్కటి మజ్జిగ వాడండి. బాగా ఉబ్బి, మెత్తగా వస్తాయి.

ఎక్కువ చేసుకుంటే ఉడికించకుండానే పళ్లెంలో విడివిడిగా ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడ్డాక కవర్లో వేసుకోండి. వాటిని కరగనివ్వకుండా నేరుగా మరిగే నీళ్లలో వేసి, తేలాక ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ ఉంచితే చాలు. ఉడికినవి మిగిలితే మర్నాడు పెనం మీద వెన్నతో రెండు వైపులా ఎర్రగా కాల్చుకోండి.