కొనే ముందు ఒక ప్రశ్న: నీ ఇంట్లో ఏముంది?

అప్పులవాడు తన ఇద్దరు కొడుకుల్ని దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడని ఒక విధవరాలు ఎలీషా ప్రవక్త దగ్గర మొరపెట్టుకుంటుంది. బైబిల్లో రెండవ రాజులు 4వ అధ్యాయం, మొదటి ఏడు వచనాలు. ప్రవక్త ఆమెను, నీ ఇంట్లో ఏముందో చెప్పమని అడిగాడు. కొంచెం నూనె తప్ప ఏమీ లేదంది. ఎరవు తెచ్చిన ఖాళీ పాత్రలన్నీ నిండేదాకా ఆ నూనె ఆగలేదు. ఆ అద్భుతం చేసింది దేవుడే. అయితే ఆ ఏడు వచనాల్లో ఆమె చేయాల్సిన పనులు ఒక వరుసలో ఉన్నాయి. ఇంట్లో ఉన్నది చూసుకోవడం, లేనిది ఎరవు తెచ్చుకోవడం, తలుపు వేసుకుని పిల్లలతో కలిసి పనిచేయడం, అమ్మి అప్పు తీర్చడం, మిగిలినదానితో బతకడం. మా ఇంటి లెక్క ఈ వరుసలోనే నడుస్తుంది. డబ్బు టెన్షన్‌లో ఉన్న ఏ కుటుంబమైనా ఇలా మొదలుపెట్టవచ్చని గట్టిగా నమ్ముతాను.

ముందుగా ఉన్నది చూసుకోవాలి. అన్నిటికంటే ఎక్కువ డబ్బు మిగిలేది ఇక్కడే. ఇల్లంతా ఒకే రోజు సర్దాలని కూర్చోకండి, మధ్యలోనే ఓపిక అయిపోతుంది. సాయంత్రానికి ఒక్క అర చాలు. అందులో ఉన్నదంతా కిందికి దించి, అర తుడిచి, ఒకే రకంవి ఒకచోట పెట్టండి. మా ఇంట్లో బట్టలుతికే చోట ఇలా దించితే ఒకే సబ్బుపొడి ప్యాకెట్లు మూడు బయటపడ్డాయి. మూడింటికీ మూల కత్తిరించి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. వెనకవి కనబడక, ముందుది అయిపోగానే అందరం కొత్తది తెరిచాం. అందుకే పాతది ముందు, కొత్తది వెనక పెట్టాలి. ఏది తెరిచినా, తెరిచిన తేదీ మార్కర్‌తో దానిమీదే రాయాలి.

తర్వాత నోట్‌బుక్‌లో ఒక పేజీకి నిలువుగా గీత కొట్టండి. ఎడమవైపు ‘ఉంది’, కుడివైపు ‘తేవాలి’. ఎడమవైపు నిండాకే కుడివైపు రాయాలి. ఈ ఒక్క కట్టుబాటు తప్పకపోతే చాలు, కొనాల్సిన జాబితా దానంతటదే చిన్నదవుతుంది.

తినే వస్తువుల దగ్గర కొంచెం జాగ్రత్తగా ఉండాలి. ‘బెస్ట్ బిఫోర్’ అన్న తేదీ రుచికి, నాణ్యతకు సంబంధించింది. అది దాటినంతమాత్రాన పారేయనక్కర్లేదు, చూసి వాడుకోవచ్చు. ‘యూజ్ బై’ అని ఉంటే మాత్రం ఆ తేదీ దాటాక వాడకూడదు. మందుల ఎక్స్‌పైరీ కూడా అంతే, అక్కడ పొదుపు ఆలోచనే రాకూడదు. ఐదువేలమంది తిన్నాక ఏదీ వ్యర్థం కాకుండా మిగిలిన ముక్కలు పోగుచేయమని యేసు శిష్యులతో అన్నాడు (యోహాను 6:12). అంత సమృద్ధిగా ఇచ్చినవాడే ముక్కల సంగతి పట్టించుకున్నాడు కాబట్టి, వండినది మిగిలితే దాన్ని కాపాడడం నాకు భక్తిలో భాగమే. రెండు గంటల్లోపు, లోతు తక్కువగా ఉన్న గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. లోతు తక్కువైతే మధ్యదాకా త్వరగా చల్లబడుతుంది. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు దాటకుండా చూసుకుని, మూడు నాలుగు రోజుల్లో పూర్తిగా వేడిచేసి తినేయాలి. మిగిలినవాటికి కళ్లకెదురుగా ఉండే ఒకే అర కేటాయించండి. ఎవరికి ఆకలేసినా ముందు చూడాల్సింది ఆ అరే.

ఇక ఎరవు. ఆ తల్లి పాత్రలు కొనలేదు, ఇరుగుపొరుగువాళ్ల దగ్గర తెచ్చుకుంది. నిచ్చెన, డ్రిల్లింగ్ మిషన్, పెద్ద సూట్‌కేసు లాంటివి ఏడాదిలో ఎప్పుడో ఒకసారి పనికొస్తాయి. సంఘంలో రెండు మూడు కుటుంబాలు మాట్లాడుకుంటే ఒక్కొక్కటి ఒకరి దగ్గరుంటే సరిపోతుంది. తెచ్చినది, తెచ్చిన తేదీ, ఎవరిదన్నది నోట్‌బుక్ చివరి పేజీలో రాయాలి. తిరిగి ఇచ్చేటప్పుడు తుడిచి ఇవ్వాలి. రెండవ రాజులు 6వ అధ్యాయంలో గొడ్డలి నీళ్లలో పడిపోయినప్పుడు చెట్టు నరుకుతున్న మనిషి అయ్యో అని అరిచింది, అది ఎరవు తెచ్చినది కాబట్టే. ఆ బాధ్యత మనకూ ఉండాలి.

చిరుగులకు ఒక బుట్ట పెట్టుకోండి. ఉతకడానికి ముందే కుట్టాలి, ఎందుకంటే ఉతుకులో చిన్న చిరుగు పెద్దదవుతుంది. చనిపోయిన దొర్కా అనే శిష్యురాలు కుట్టిన అంగీలు, వస్త్రాలు విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించిన చోటు (అపొస్తలుల కార్యములు 9:39) చదివాక సూదిపనిని చిన్నచూపు చూడలేం.

పిల్లల్ని దూరంగా ఉంచకండి. కొడుకులు పాత్రలు అందిస్తుంటే ఆమె పోసింది. మా ఇంట్లో శనివారం రాత్రి ప్రార్థన అయ్యాక లెక్కకు కూర్చుంటాం. అమ్మాయి బిల్లులు చదువుతుంది, అబ్బాయి అర దగ్గర నిలబడి ఏముందో కేకేసి చెబుతాడు, మా ఆయన కూడతారు, నేను రాస్తాను. ఇది కొనలేం అని చెబితే పిల్లలు అర్థం చేసుకుంటారు, ఎందుకు కొనలేమో వాళ్లే చూశారు కదా. కానీ అప్పు భయం పసివాళ్ల మీద వేయకూడదు. ఆ మాటలు పెద్దవాళ్లం వాళ్లు పడుకున్నాక మాట్లాడుకుంటాం. సంఘంలో ప్రార్థన అంశంగా చెప్పాలన్నా భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్నాకే చెప్పాలి. అలాగని పీకలమీదికి వచ్చిన అప్పు దాచిపెట్టకండి. ఆమె తలుపు వేసుకోవడానికి ముందు దైవజనుడి దగ్గరికి వెళ్లింది.

అప్పుల్లో ఉన్నప్పుడు కానుక ఇవ్వాలా అని చాలామంది అడుగుతారు. నా సమాధానం: ఇవ్వండి, కొంచెమైనా ఇవ్వండి, ఇచ్చేది ముందే తీసిపెట్టండి. ఆదివారం ఆదివారం తన వర్ధిల్లిన కొలది తీసిపెట్టమని పౌలు రాశాడు (1 కొరింథీయులు 16:2). ఒకడికి ఉన్నదాన్నిబట్టే అతడిచ్చేది ప్రీతికరం, లేనిదాన్నిబట్టి కాదని కూడా ఆయనే రాశాడు (2 కొరింథీయులు 8:12). కాబట్టి మరో అప్పు చేసి కానుక ఇవ్వనక్కర్లేదు, అలా ఇవ్వమని ఒత్తిడి చేసేవాళ్ల మాట వినొద్దు.

అప్పులన్నీ ఒక కాగితం మీద రాసి, పక్కన వడ్డీ శాతం వేయండి. అన్నిటికీ కట్టాల్సిన కనీస వాయిదా కడుతూ, చేతిలో మిగిలిందంతా ఎక్కువ వడ్డీ ఉన్నదానికి కట్టాలి. నెలకు 3 శాతం అంటే ఏడాదికి 36 అనుకుంటాం గానీ, నెలనెలా చక్రవడ్డీ పడితే 42 దాటుతుంది. అందుకే క్రెడిట్ కార్డు బాకీ ఉండగా తక్కువ వడ్డీ వచ్చే చోట డబ్బు దాచుకోవడం నష్టం. ఉన్నట్టుండి ఏదైనా వస్తే తట్టుకునేంత చిన్న మొత్తం పక్కన ఉంచుకుని, మిగతాది బాకీకి కట్టేయండి. ఒక అప్పు తీరగానే దానికి కడుతున్న వాయిదా ఇంటి ఖర్చులో కలిసిపోనివ్వకుండా, అదే నెల నుంచి తర్వాతి అప్పుకు మళ్లించాలి.

మిగిలినదానితో బతకడం అన్న చివరి మాటలో, ఏడాదికోసారి వచ్చే ఖర్చులు కూడా ఉంటాయి. స్కూలు ఫీజు, బీమా, పన్ను, క్రిస్మస్ బట్టలు. ఇవేవీ చెప్పకుండా వచ్చేవి కావు. అన్నీ కూడి 12తో భాగించి, వచ్చినంత నెలనెలా వేరే ఖాతాలో వేయండి. క్రిస్మస్‌కు ఆరు నెలలే ఉంటే దాని మొత్తాన్ని 6తోనే భాగించాలి. ఈ ఏడాది నెలకు పడే భారం కొంచెం ఎక్కువగా ఉంటుంది, వచ్చే జనవరి నుంచి 12తో భాగిస్తే తగ్గుతుంది.