వెనక గదిలోని కంప్యూటర్‌లోకి లాగిన్: సొంత టెల్నెట్ క్లయింట్ రాసుకునే పద్ధతి

మాది ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో చిన్న డీటీపీ షాపు. ముందు గదిలో జిరాక్స్ మెషిను, ప్రింటరు, నేను. వెనక గదిలో మానిటర్ లేని పాత లైనక్స్ కంప్యూటర్. ఇన్నేళ్లుగా వేసిన శుభలేఖల ఫైళ్లన్నీ దాంట్లోనే ఉన్నాయి. పెళ్లికూతురు వాళ్లది మహేంద్రతనయ నది అవతల ఆంధ్రాలోని పాతపట్నం, పెళ్లికొడుకు వాళ్లది ఒడిశాలోని మోహన ఊరు అనుకోండి, కార్డు ఒక వైపు తెలుగులో, ఇంకో వైపు ఒడియాలో వేయాలి. "మా అక్క పెళ్లికి వేసినట్టే వేయండి" అని ఎవరైనా అడిగిన ప్రతిసారీ లేచి వెనక్కి వెళ్లలేక, కూర్చున్న చోటు నుంచే ఆ మెషిన్‌లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రాం పైథాన్‌లో రాసుకున్నాను.

రెడీమేడ్‌వి ఉండగా ఇదెందుకని బరంపురంలో చదువుకుంటున్న మా మేనల్లుడు అడిగాడు. అవతలి కంప్యూటర్ ఏం అడుగుతోందో ఒక్కో బైటూ మన కళ్లతో చూస్తే వచ్చే అవగాహన ఇంకెలా వచ్చినా నిలవదు. అందుకే వాడితో కూడా రాయించాను. టెల్నెట్ అంటే నెట్‌వర్క్ మీదుగా ఇంకో కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే పాత పద్ధతి, ఎస్ఎస్‌హెచ్ అంటే అదే పనిని రహస్య లిపిలో చేసే కొత్త పద్ధతి. మొదట టెల్నెట్ రాయండి, ఎస్ఎస్‌హెచ్ సంగతి తర్వాత. టెల్నెట్ రూల్స్ 1983 మే నెలలో జాన్ పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ రాసిన ఆర్ఎఫ్‌సి 854 అనే ఇంటర్నెట్ నియమాల పత్రంలో ఉన్నాయి. పైథాన్‌లో ఇంతకుముందు టెల్నెట్‌లిబ్ అనే మాడ్యూల్ ఉండేది. 3.13 వెర్షన్‌లో తీసేశారు కాబట్టి సాకెట్‌తో, అంటే రెండు ప్రోగ్రాంలు నెట్‌వర్క్ మీద బైట్లు పంపుకునే దారితో, మొదలుపెట్టడమే మంచిది.

ఒక్క జాగ్రత్త. టెల్నెట్‌ను మీ ఇంట్లో, మీ సొంత రూటర్ లోపల మాత్రమే వాడండి. ఎందుకో చివర్లో చెప్తాను.

సాకెట్ తెరిచి, వెనక గది మెషిన్ ఐపీ అడ్రస్, 23వ పోర్టు (ఆ మెషిన్‌లో టెల్నెట్‌కు కేటాయించిన తలుపు నంబరు) ఇచ్చి కనెక్ట్ చేయండి. ఇది ఒక్క లైను పని. నేను అక్కడితో లాగిన్ ప్రాంప్ట్ వచ్చేస్తుందనుకున్నాను. అరగంట చూసినా స్క్రీన్ మీద ఏమీ రాలేదు. కేబుల్ పీకి పెట్టాను, రూటర్ ఆపి వేశాను, టెన్షన్ తప్ప ఏమీ మిగల్లేదు. చివరికి వచ్చిన బైట్లను అంకెల్లో ప్రింట్ చేయిస్తే ఇవి కనిపించాయి:

255 253 24 255 253 32 255 253 35 255 253 39

మెషిన్ నన్ను నాలుగు ప్రశ్నలు అడిగింది. నేను జవాబివ్వలేదు. అందుకే అది ఆగిపోయింది.

మా బజార్లో కొత్త మనిషి షాపు మెట్లెక్కితే మొదటి రెండు మాటల్లోనే తెలుగా ఒడియానా తేలిపోతుంది, ఆ తర్వాతే బేరం. టెల్నెట్‌లోనూ అంతే. 255 వస్తే "ఇప్పుడు రాబోయేది అక్షరం కాదు, ఆజ్ఞ" అని అర్థం. దాని వెనక 251 అంటే "నేను చేస్తాను", 252 అంటే "నేను చేయను", 253 అంటే "నువ్వు చెయ్యి", 254 అంటే "నువ్వు చెయ్యొద్దు". మూడో అంకె దేని గురించి అడుగుతున్నారో చెబుతుంది. 24 అంటే టెర్మినల్ రకం, 32 అంటే టెర్మినల్ స్పీడు.

మొదట్లో అన్నిటికీ మర్యాదగా కాదనండి. 253 వస్తే అదే ఆప్షన్‌కు 252 పంపాలి, 251 వస్తే 254 పంపాలి. ప్రతిదాని ముందూ 255 ఉండాలి. ఆ నాలుగింటికీ నేను 252 పంపగానే లాగిన్ ప్రాంప్ట్ వచ్చింది. ఆ రోజు షాపు మూసేసరికి రాత్రి పదిన్నర.

మూడింటికి మాత్రం ఒప్పుకోవాలి. 251 1 వస్తే, అంటే "నువ్వు కొట్టిన అక్షరాలు నేనే తిరిగి చూపిస్తాను" అంటే, 253 1 అని బదులివ్వండి. మీ వైపు ఎకో ఆపేయండి, లేకపోతే ప్రతి అక్షరం రెండుసార్లు పడుతుంది. 251 3 అంటే "ఇక నీ వంతు అనే సంకేతం పంపను" అని, దానికి కూడా 253 3 పంపండి. కిటికీ సైజు అడిగితే, అంటే 253 31 వస్తే, 255 251 31 పంపి, వెంటనే 255 250 31 0 80 0 24 255 240 పంపండి. 250 అంటే వివరాలు మొదలు, 255 240 అంటే అయిపోయాయి, మధ్యలోది 80 నిలువు గడులు, 24 వరసలు అని అర్థం. ఒకసారి ఒప్పుకున్న విషయానికి మళ్లీ జవాబివ్వకండి. మార్పు ఉంటేనే బదులు. ఈ రూల్ తప్పితే రెండు మెషిన్లూ ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటూ ఆగకుండా తిరుగుతాయి.

డేటా ముక్కలుగా వస్తుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. 255 ఒక ముక్క చివర, 253 తర్వాతి ముక్క మొదట రావచ్చు. అందుకే ఒక్కో బైటూ తీసుకుని "ఇప్పుడు ఎక్కడున్నాను" అని ఒక వేరియబుల్‌లో గుర్తుపెట్టుకోవాలి. మామూలు డేటాలో ఉన్నానా, 255 చూశానా, ఆప్షన్ కోసం ఎదురుచూస్తున్నానా, 250కీ 240కీ మధ్యలో ఉన్నానా, ఆ మధ్యలో 255 చూశానా అని ఐదు స్థితులు చాలు. 255 వెంట ఇంకో 255 వస్తే అది మామూలు డేటా, ఒక 255గా తీసుకోండి.

అక్షరాల్లోనూ ఇదే జరుగుతుంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు 'ర' అంటే 224 176 176. ఒడియా 'ర' అంటే 224 172 176. తేడా మధ్య బైటులోనే. నేను వచ్చిన ముక్కను వచ్చినట్టే అక్షరాలుగా మార్చబోతే, ఫైల్ పేరులో ఏదో అక్షరం రెండు బైట్ల దగ్గర తెగి ప్రోగ్రాం ఎర్రర్‌తో ఆగిపోయింది. బైట్లను మార్చకుండా నేరుగా టెర్మినల్‌కు రాసేయండి, కలుపుకోవడం దానికి తెలుసు. లాగ్ ఫైల్ కావాలంటే పైథాన్ కోడెక్స్ మాడ్యూల్‌లో ఇంక్రిమెంటల్ డీకోడర్ ఉంది, సగం అక్షరాన్ని మిగతా సగం వచ్చేదాకా దాచి ఉంచుతుంది. పద్ధతి ప్రకారం ఇలాంటి డేటాకు, బైట్లను ఉన్నవి ఉన్నట్టే పంపే బైనరీ ఆప్షన్ 0 అడగాలి. రెండు వైపులా అడగండి, అంటే 251 0, 253 0 రెండూ పంపండి.

కీబోర్డు వైపు పని తక్కువే. టెర్మినల్‌ను రా మోడ్‌లో (కొట్టిన ప్రతి కీ ఎంటర్ కోసం ఆగకుండా నేరుగా ప్రోగ్రాంకు వచ్చే స్థితి) పెట్టి, ఎటునుంచి డేటా వచ్చిందో చెప్పే సెలెక్ట్‌తో కీబోర్డునూ సాకెట్‌నూ కలిపి కనిపెట్టుకుని ఉండాలి. బైనరీకి అవతలి మెషిన్ ఒప్పుకోకపోతే, ఎంటర్ కొడితే వచ్చే 13 వెనక ఒక 0 కలిపి పంపండి. ఒప్పుకుంటే 13 ఒక్కటే పంపండి. కంట్రోల్-సి అవతలికే వెళ్లిపోతుంది కాబట్టి, బయటికి రావడానికి కంట్రోల్‌తో మూసే చదరపు బ్రాకెట్ కీ ఉంచండి, దాని అంకె 29. సాకెట్ నుంచి ఖాళీ బైట్లు వస్తే అవతలివాళ్లు ఫోన్ పెట్టేసినట్టే, మీరూ లూప్ ఆపేయండి. టెర్మినల్‌ను పాత స్థితికి తెచ్చే లైను, ప్రోగ్రాం ఎర్రర్‌తో ఆగినా నడిచే ఫైనల్లీ భాగంలో ఉండాలి. మా మేనల్లుడు అది మర్చిపోయాడు. ప్రోగ్రాం ఆగిపోయాక వాడు కొట్టేది స్క్రీన్ మీద కనిపించలేదు. కనిపించకపోయినా రీసెట్ అని కొట్టి ఎంటర్ నొక్కితే బాగవుతుంది. విండోస్‌లో సెలెక్ట్ కీబోర్డు మీద పనిచేయదు, అక్కడ రెండు థ్రెడ్లు పెట్టుకోవాలి.

ఇది నడిచాక ఇంకో టెర్మినల్‌లో టీసీపీడంప్ (నెట్‌వర్క్‌లో వెళ్లే డేటాను చూపించే ప్రోగ్రాం) పెట్టి లాగిన్ అవ్వండి. మీ పాస్‌వర్డ్ ఒక్కో అక్షరమే ప్యాకెట్‌లో ఎక్కి వెళ్లడం కనిపిస్తుంది. నాది కనిపించగానే గుండె గుభేల్‌మంది. 1995లో ఫిన్లాండ్‌లో టాటూ యులోనెన్ ఎస్ఎస్‌హెచ్ రాయడానికి కారణం కూడా వాళ్ల యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఇలా పాస్‌వర్డ్‌లు దొంగిలించడమే. దాని పోర్టు 22, టెల్నెట్‌కు పక్కనే.

ఎస్ఎస్‌హెచ్‌లోని ఎన్‌క్రిప్షన్ మాత్రం సొంతంగా రాయకండి. ఎస్ఎస్‌హెచ్ పనంతా చేసిపెట్టే పారామికో అనే పైథాన్ లైబ్రరీ తీసుకుని, దాని ఛానెల్‌ను మీ సాకెట్ ఉన్న చోట పెట్టండి. రా మోడ్, సెలెక్ట్ లూప్, బైట్లు రాసే భాగం అలాగే పనికొస్తాయి, 255ల భాగం తీసేయొచ్చు. తెలియని హోస్ట్ కీని (అవతలి మెషిన్ తన గుర్తుగా చూపించే కీ) అడక్కుండా ఒప్పుకునే సెట్టింగ్ చాలా ఉదాహరణల్లో కనిపిస్తుంది. దాన్ని కాపీ కొట్టకండి. నేను వెనక గది మెషిన్‌కు ఒకసారి మానిటర్ తగిలించి, దాని కీ ఫింగర్‌ప్రింట్‌ను (ఆ కీని పోల్చి చూసుకునే చిన్న గుర్తు) ఆర్డర్ల పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు స్క్రీన్ మీద వచ్చినదాన్ని ఆ పేజీతో అక్షరం అక్షరం పోల్చి, అప్పుడే సరే అన్నాను. ఆ తర్వాతే టెల్నెట్ సర్వర్‌ను ఆ మెషిన్‌లోంచి తీసేశాను.